చూడకుండా కరెంటు పెట్టే హక్కు ఎవరిచ్చారు?

మన జిల్లాలో రేడియేషన్ వైద్యాన్ని ఎవరూ రేడియేషన్ అనరు. "కరెంటు పెట్టడం" అంటారు. "మా అత్తకి పాతిక కరెంట్లు పెట్టారమ్మా", "కరెంటు పెట్టించుకున్నాక ఉచ్చ ఆగటం లేదమ్మా" లాంటి మాటలు బందరు, గుడివాడ, దివిసీమ మండలాల్లో స్త్రీల ఆరోగ్యం మీద పనిచేసే నాలాంటి వాళ్ళకి కొత్తవి కావు. గర్భసంచి మూతికి కాన్సర్ వచ్చిన స్త్రీకి ఆ కరెంటే ప్రధానమైన వైద్యం. కానీ అది ఎక్కడ పెడుతున్నారు, ఏం చూసి పెడుతున్నారు, కాన్సర్ గడ్డతో పాటు ఇంకా ఏమేం కాలుతున్నాయి అన్నది ఆమెకి ఎవరూ చెప్పరు. ఆమె అడగదు. అడిగితే "నీకు అర్థం కాదులే" అంటారు.

ఈ వైద్యాన్ని ఎమ్మారై బొమ్మ చూసి ఇవ్వాలని, అది మా జిల్లా పేద స్త్రీలకు కూడా అందాలని ఒక సమావేశంలో మేం అడిగాం. ఒక అధికారి నవ్వి, "ముందు పరీక్షలు చేయించుకోమనండి. ఎమ్మారైలు పెట్టి కరెంటివ్వడం అమెరికా వాళ్ళకి" అన్నాడు. అధికారి అనడం కొత్త కాదు. నన్ను బాధపెట్టింది, మన స్వచ్ఛంద సంస్థల మిత్రులే కొందరు తలలూపడం. "పేదలకి తగిన సాంకేతికత కావాలి, ఖరీదైన యంత్రాలు కాదు" అన్నారు. ఈ వ్యాసం ఆ మిత్రుల కోసమే.

ముందు విషయం తెలుసుకుందాం. గర్భాశయ ముఖద్వార కాన్సర్ ముదిరిన దశలో దొరికితే ఆపరేషన్‌తో నయం కాదు. సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు బయటి నుంచి కరెంటు పెడతారు, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే మందు ఎక్కిస్తారు. ఆ తర్వాత అసలైన ఘట్టం లోపలి కరెంటు. దీన్ని బ్రాకీథెరపీ అంటారు. యోని గుండా గర్భసంచిలోకి ఒక గొట్టం, దాని పక్కన మరికొన్ని గొట్టాలు అమర్చి, వాటిలోకి ఇరిడియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని పంపి, గడ్డని లోపలి నుంచి కాలుస్తారు. ఈ లోపలి కరెంటు లేకుండా బయటిది మాత్రమే పెట్టి పంపేస్తే చాలామందికి జబ్బు తిరగబెడుతుంది. మొత్తం వైద్యం దాదాపు ఎనిమిది వారాల్లో ముగియాలి. ఆలస్యమైన కొద్దీ నయమయ్యే అవకాశం తగ్గిపోతుంది.

గర్భసంచి మూతికి ముందు మూత్రాశయం, వెనక మలం నిలిచే పేగు, కింద యోని ఉంటాయి. అన్నీ వేళ్ళ మందం దూరంలోనే. కరెంటు గడ్డని దాటితే తగిలేది వీటికే. మరి గడ్డ ఎంతవరకు ఉందో ఎలా తెలుస్తుంది? చాలాకాలం పాటు తెలియకుండానే పెట్టారు. 1938లో ఇంగ్లండులోని మాంచెస్టరులో "పాయింట్ ఎ" అనే ఒక బిందువును నిర్ణయించారు. గర్భసంచి మూతి దగ్గర నుంచి రెండు సెంటీమీటర్లు పైకి, రెండు సెంటీమీటర్లు పక్కకి. ఎక్స్-రే తీసి, ఆ బిందువుకి ఇంత మోతాదు అని లెక్క కట్టి పెట్టేవారు. ఆ పద్ధతి ఎందరినో బతికించింది, అది కాదనను. కానీ ఎక్స్-రేలో గొట్టాలు కనిపిస్తాయి, ఎముకలు కనిపిస్తాయి, గడ్డ మాత్రం కనిపించదు. గడ్డ నిమ్మకాయంత ఉన్న స్త్రీకీ, బత్తాయంత ఉన్న స్త్రీకీ అదే బిందువు. ఒకరికి ఆరోగ్యంగా ఉన్న పేగు కాలిపోతుంది, మరొకరికి గడ్డ అంచు మిగిలిపోతుంది. ఆడవాళ్ళందరి శరీరాలూ ఒకటే అనుకునే చూపు వైద్యశాస్త్రానికీ తప్పలేదు.

ఎమ్మారై ఈ చీకటిని తొలగించింది. అది అయస్కాంతంతో, రేడియో తరంగాలతో శరీరం లోపలి మెత్తటి భాగాలని చూపిస్తుంది, దానివల్ల రేడియేషన్ ఉండదు. సీటీ స్కానులో గర్భసంచి మూతీ, గడ్డా దాదాపు ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. ఎమ్మారైలో గడ్డ విడిగా కనిపిస్తుంది. గొట్టాలు అమర్చిన తర్వాత ఎమ్మారై తీస్తే, బయటి కరెంటుకి గడ్డ ఎంత కరిగింది, ఎటు మిగిలింది, మూత్రాశయం ఎంత దగ్గరగా ఉంది అన్నీ తెలుస్తాయి. దాన్నిబట్టి ఆ స్త్రీకి, ఆ రోజుకి తగినట్లు మోతాదు మలుచుకోవచ్చు. యూరపు నిపుణులు 2005, 2006లలోనే దీనికి మార్గదర్శకాలు రాశారు.

ఫలితం ఏమిటి? ఎంబ్రేస్ అనే అధ్యయనంలో 2008 నుంచి 2015 వరకు 24 కేంద్రాల్లో ఇలా ఎమ్మారై చూసి లోపలి కరెంటు పెట్టారు. 2021లో వెలువడిన ఫలితాల్లో 1,341 మంది స్త్రీల వివరాలున్నాయి. ఐదేళ్ళ తర్వాత వారిలో 92 శాతం మందికి ఆ చోట జబ్బు తిరగబెట్టలేదు. వీళ్ళందరూ తెల్లతోలు స్త్రీలు కారు. ముంబై టాటా ఆసుపత్రికి వచ్చిన మన దేశపు స్త్రీలూ అందులో ఉన్నారు. ఆ పరిశోధకుల్లో ఒకరైన డాక్టర్ ఉమేష్ మహంతశెట్టి తర్వాత విశాఖపట్నంలో హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రికి డైరెక్టరుగా బాధ్యతలు నిర్వహించారు. అంటే ఈ విద్య అమెరికాలో దాగిలేదు, ఆంధ్ర తీరానికే వచ్చింది. బందరుకి రాకుండా ఆగింది దేనివల్ల?

నష్టం సంగతీ చూడండి. ఫ్రాన్సులో 705 మంది మీద జరిగిన అధ్యయనం 2012లో వచ్చింది. ఆపరేషన్ లేకుండా కరెంటుతోనే వైద్యం పొందిన వాళ్ళలో, పాత ఎక్స్-రే పద్ధతిలో తీవ్రమైన హాని 22.7 శాతం మందికి జరిగితే, స్కానింగు బొమ్మల ఆధారంగా పెట్టినప్పుడు అది 2.6 శాతానికి తగ్గింది. తీవ్రమైన హాని అంటే కాగితం మీద రెండు మాటలు. మన ఊళ్ళల్లో దాని అర్థం వేరు. మూత్రం నిరంతరం కారుతూ, వాసన వస్తోందని వసారాలోకి నెట్టబడిన ఆడమనిషి. మలంలో నెత్తురు పడుతూ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోలేని ఆడమనిషి. యోని మూసుకుపోయి, "ఇంక నువ్వెందుకు" అని మొగుడు మరో ఇల్లు చూసుకున్న ఆడమనిషి. కాన్సర్ నయమైందని రిజిస్టరులో రాసుకుంటారు. ఆమె బతుకు ఏమైందో రాసే గడి ఆ రిజిస్టరులో లేదు.

ఇప్పుడు మిత్రుల వాదనకి వద్దాం.

"ముందు నివారణ, పరీక్షలు. వైద్యం తర్వాత" అంటున్నారు. నివారణ వద్దని ఎవరన్నారు? మనదేశంలో 2022లో సుమారు 1 లక్షా 27 వేల మంది స్త్రీలకు ఈ జబ్బు వచ్చిందనీ, దాదాపు 80 వేల మంది చనిపోయారనీ అంతర్జాతీయ అంచనా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు 1.9 శాతమే. పరీక్షలు పెరగాలి, పోరాడదాం. కానీ పరీక్ష చేసి "నీకు కాన్సర్ ఉందమ్మా" అని చెప్పి, ఆ తర్వాత ఎక్కడికి పంపుతాం? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మూడు లక్ష్యాలు పెట్టింది. 2030 నాటికి 90 శాతం ఆడపిల్లలకి టీకా, 70 శాతం స్త్రీలకి పరీక్ష, జబ్బు బయటపడిన వాళ్ళలో 90 శాతం మందికి వైద్యం. మొదటి రెండూ పోస్టర్ల మీద కనిపిస్తున్నాయి. మూడోది ఎవరి నోటా రావడం లేదు. రేపటి ఆడపిల్లని కాపాడే పేరుతో ఇవాళ్టి తల్లిని వదిలెయ్యడం నివారణ కాదు.

"ఖరీదైన యంత్రం" అంటున్నారు. బందరులో డాప్లర్ రాడారు ఉంది. సముద్రంలో లేచే తుపానుని ముందే చూడటానికి పెట్టారు. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచినప్పుడు వేలమంది పోయారు. ఆ ఊళ్ళకి చూపు కావాలని అందరూ ఒప్పుకున్నారు. "ముందు గుడిసెలు గట్టిగా కట్టుకోండి, రాడారు అమెరికా వాళ్ళకి" అని ఎవరూ అనలేదు. తుపానుని చూడటానికి ఖర్చు పెట్టొచ్చుగానీ ఆడదాని కడుపులో గడ్డని చూడటానికి ఖర్చు దండగా?

అసలు మనం అడుగుతున్నదేమిటో కూడా గుర్తు పెట్టుకోవాలి. కార్పొరేట్ ఆసుపత్రులు ఎమ్మార్-లినాక్ అనే యంత్రాన్ని ప్రచారం చేస్తున్నాయి. ఎమ్మారై, కరెంటు పెట్టే యంత్రం రెండూ ఒక్కటిగా కలిపి, పెడుతున్నంతసేపూ గడ్డ కదలికని చూసే యంత్రం అది. 2014లో అమెరికాలో ఒక రకం, 2017లో నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్‌లో మరో రకం రోగులకి వాడటం మొదలైంది. హైదరాబాదుకీ వచ్చింది. దాంతో మేలు ఉంది. పురుషుల ప్రొస్టేట్ కాన్సర్ మీద అమెరికాలో జరిగిన మిరాజ్ అధ్యయనంలో మూత్ర సంబంధమైన బాధలు 43.4 శాతం నుంచి 24.4 శాతానికి తగ్గాయని 2023లో ప్రచురించారు. మంచిదే. కానీ ఆ యంత్రాన్ని అమ్మిన ఒక అమెరికా కంపెనీ అదే 2023లో దివాలా పిటిషన్ వేసింది. ఆ స్థాయి ఖర్చుతో కూడిన వ్యాపారం అది. మేం అడుగుతున్నది అది కాదు. మేం అడుగుతున్నది మామూలు ఎమ్మారైలో అరగంట సమయం. తలనొప్పికీ, నడుంనొప్పికీ రోజూ వాడే యంత్రం. దానికి తోడు అయస్కాంతానికి పనికొచ్చే గొట్టాలు, పాత స్టీలు గొట్టాలు కాకుండా. ప్రతి విడతకీ ఎమ్మారై కుదరకపోతే మొదటి విడతకి ఎమ్మారై, తర్వాతి విడతలకి సీటీ వాడే మార్గం కూడా నిపుణులే చెప్పారు. కాబట్టి "అన్నీ లేదా ఏదీ లేదు" అన్న వాదన బద్ధకానికి ముసుగు మాత్రమే.

"పెద్ద సాంకేతికత అంటే మన ఆడవాళ్ళ మీద ప్రయోగాలే" అని మరికొందరి భయం. ఆ భయాన్ని నేను గౌరవిస్తాను. 2009లో ఖమ్మం జిల్లాలో ఇదే కాన్సర్ పేరు చెప్పి హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిపారు. భద్రాచలం వంటి మండలాల్లో హాస్టళ్ళలో ఉన్న గిరిజన బాలికలకి తల్లిదండ్రుల అనుమతి లేకుండా వార్డెన్ల సంతకాలతో టీకాలు వేశారు. స్త్రీల సంఘాలు ఆందోళన చేస్తే 2010 ఏప్రిల్‌లో ఆగింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అయితే మనం ఆనాడు అన్నదేమిటి? టీకానే పాపమని కాదు. చెప్పకుండా, అడగకుండా, జవాబుదారీ లేకుండా చెయ్యడం పాపమని. ఎమ్మారైతో కరెంటు పెట్టడం ఇప్పుడు ప్రయోగ దశలో లేదు. దాన్ని ఇవ్వకుండా పేద స్త్రీని పాత పద్ధతిలోనే ఉంచెయ్యడానికి ఆమె అనుమతి ఎవరు తీసుకున్నారు? ప్రయోగానికి అనుమతి కావాలంటాం, నిర్లక్ష్యానికి అక్కర్లేదా?

మనం గట్టిగా మాట్లాడాల్సిన మరో విషయం గర్భసంచులు తీసెయ్యడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలోనే ఎక్కువగా కనిపించింది ఆంధ్రప్రదేశ్‌లోనే. తెల్లబట్ట అవుతోందనో, నెత్తురు ఎక్కువ పోతోందనో వెళ్ళిన మనిషికి మూతి పరీక్ష కూడా చెయ్యకుండా "తీసేస్తే పీడ పోతుంది" అంటారు. ఆ మూతి దగ్గర అప్పటికే కాన్సర్ ఉండి ఉంటే? గర్భసంచి పోయాక లోపలి గొట్టం నిలిచేందుకు చోటు ఉండదు. ఖాళీ అయిన జాగాలోకి పేగులు జారి కరెంటు దారిలోకి వస్తాయి. ఆపరేషన్ తర్వాత కరెంటు అవసరమైన స్త్రీల మీద ముంబై టాటా ఆసుపత్రి చేసిన పార్సర్ అధ్యయనం 2021లో వచ్చింది. 300 మందిలో, రోజూ స్కాను చూసి మోతాదు మలిచి పెట్టినవాళ్ళకి మూడేళ్ళలో పేగుల బాధ 21.1 శాతం, మామూలుగా పెట్టినవాళ్ళకి 42.4 శాతం. సగానికి సగం తేడా. అది ఎమ్మారై కాదు, సీటీ. అయినా పాఠం ఒకటే. చూసి పెడితే తక్కువ కాలుతుంది. అనవసరంగా గర్భసంచులు తీసే రాష్ట్రంలో చూసి పెట్టే వైద్యం మరింత అవసరం.

ఇక దూరం. ఎదురుమొండి స్త్రీ కరెంటు పెట్టించుకోవాలంటే పంటు దాటాలి, నాగాయలంక చేరాలి, అవనిగడ్డ మీదుగా విజయవాడ బస్సెక్కాలి. లేదా పులిగడ్డ వారధి దాటి రేపల్లె మీదుగా గుంటూరు వెళ్ళాలి. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో 2020 నుంచి నాట్కో కాన్సర్ కేంద్రం ఉంది. గుడివాడ, బందరు స్త్రీకి రైలైనా ఉంది, దివిసీమకి అదీ లేదు. యంత్రం కింద పడుకునేది కొన్ని నిమిషాలు. దానికి రోజంతా ప్రయాణం, లేదంటే ఆ ఊళ్ళో గది అద్దె. ఇలా ఐదు వారాలు. ఊడ్పుల కాలమైతే కూలి పోతుంది. తోడు వచ్చే కూతురి బడి పోతుంది. 2007 నుంచి ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్న పథకం ఆసుపత్రికి డబ్బు కడుతుంది. ఐదు వారాల అన్నానికీ, పోయిన కూలికీ ఎవరు కడతారు? నేనెరిగిన ఒక మత్స్యకార స్త్రీ బయటి కరెంటు పూర్తి చేసి, లోపలి కరెంటుకి ముందు ఇంటికొచ్చేసింది. "నెప్పి తగ్గిందమ్మా, ఇంక చాల్లే" అంది. లోపలిదే అసలైనదని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఏడాది తిరగకుండానే పోయింది.

నిమ్మకూరు కోడలు, నందమూరి తారక రామారావు భార్య బసవతారకం కాన్సర్‌తో మరణించారు. ఆమె పేర హైదరాబాదులో 2000లో పెద్ద కాన్సర్ ఆసుపత్రి వచ్చింది. సంతోషమే. కానీ నిమ్మకూరు పొలాల్లో పనిచేసే కూలి స్త్రీకి ఆ ఆసుపత్రి మూడువందల కిలోమీటర్ల పైన. 2022లో జిల్లాలు విడగొట్టాక విజయవాడ కూడా మన జిల్లా కాకుండా పోయింది. 2023లో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం పది కొత్త వైద్య కళాశాలలని ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించాలని నిర్ణయించింది. వాటిలో మన బందరు లేదు. అది ప్రభుత్వంలో ఉన్నప్పుడే అందులో ఏం ఉండాలో చెప్పే హక్కు మనకుంది.

లోపలి కరెంటు గురించి ఆడవాళ్ళు చెప్పింది కూడా ఇక్కడ రాయాలి. మత్తు సరిగా ఇవ్వకుండా గొట్టాలు పెట్టారని, కాళ్ళు చాపి కట్టేసి గదిలోంచి గదికి స్ట్రెచర్ మీద తిప్పుతుంటే మగ సిబ్బంది అటూ ఇటూ తిరిగారని, ఏడిస్తే "పిల్లల్ని కన్నావుగా, ఓర్చుకో" అన్నారని చెప్పారు. ఎమ్మారై గదికి తీసుకెళ్ళాలంటే ఈ ప్రయాణం ఇంకా పెరుగుతుంది. కాబట్టి యంత్రం ఒక్కటే అడిగితే చాలదు. మర్యాద కూడా అడగాలి.

మా డిమాండ్లు ఇవి:

1. ప్రభుత్వ కాన్సర్ కేంద్రాలన్నిటిలో లోపలి కరెంటుకి వారంలో కొన్ని గంటలు ఎమ్మారై కేటాయించాలి. ఎమ్మారైకి పనికొచ్చే గొట్టాలు కొనాలి. వైద్య పథకం ప్యాకేజీలో ఈ స్కానుని స్పష్టంగా చేర్చాలి.

2. బందరు వైద్య కళాశాలలో రేడియేషన్ విభాగం, భౌతికశాస్త్ర నిపుణులు, లోపలి కరెంటు సౌకర్యం ఉండేలా ఇప్పుడే ప్రణాళిక వెయ్యాలి. ఇరిడియం శక్తి 74 రోజుల్లో సగమవుతుంది కాబట్టి, మూలకం మార్పు ఆలస్యమై వైద్యం ఆగకుండా ముందే నిధులు పెట్టాలి.

3. వైద్యం ముగిసేవరకు స్త్రీకీ, తోడు వచ్చినవాళ్ళకీ వసతి, భోజనం, బస్సు పాసు, పోయిన కూలికి భృతి ఇవ్వాలి.

4. మత్తు లేకుండా గొట్టాలు పెట్టకూడదు. స్త్రీ సిబ్బంది తోడుండాలి. తెర ఉండాలి.

5. ఏం చేస్తారో, ఏ పద్ధతిలో చేస్తారో, తర్వాత మూత్రానికి, మలానికి, దాంపత్యానికి ఏమవుతుందో తెలుగులో చెప్పి, రాసిచ్చి, అప్పుడే సంతకం తీసుకోవాలి. యోని మూసుకుపోకుండా వాడే సాధనాలు ఉచితంగా ఇచ్చి, వాడటం నేర్పాలి.

6. మూతి పరీక్ష లేకుండా గర్భసంచి తీసే ఆసుపత్రుల మీద చర్య తీసుకోవాలి.

ఈ విషయం డాక్టర్లది, మనది కాదు అనుకోవద్దు. 1992లో సారా దుకాణాల లెక్కలు మనవి కావని దూబగుంట స్త్రీలు అనుకుని ఉంటే సారా వ్యతిరేక ఉద్యమం వచ్చేదా? మీ సంఘంలో, మీ మండలంలో కరెంటు పెట్టించుకున్న స్త్రీలని కలవండి. ఐదు ప్రశ్నలు అడగండి. లోపలి కరెంటు పెట్టారా? పెట్టేముందు స్కాను తీశారా? మత్తిచ్చారా? ఎన్ని వారాల్లో ముగిసింది? తర్వాత వచ్చే బాధల గురించి చెప్పారా? జవాబులు రాసిపెట్టండి. వచ్చే సమావేశంలో ఆ అధికారి మళ్ళీ నవ్వితే, మన చేతిలో ఆ కాగితాలుండాలి.